ఆగిన బస్సులో హంతకులెవరు? మీ ప్రశ్నలకు కండక్టరమ్మ జవాబులు

నా సీరియల్ తొమ్మిదో భాగం అచ్చయినప్పటి నుంచి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. సీరియల్ చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. 2024 ఆగస్టు 31 రాత్రి. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే ఆఖరు బస్సు. పస్రా దాటి అడవిలోకి పోయాక ముందర ఒక వాగు పొంగింది, వెనక్కి తిప్పుదామంటే వెనక ఇంకోటి పొంగింది. నడుమ మిగిలిన రోడ్డు ముక్క మీద బస్సు. లోపల ఒకరికొకరు తెలియని 23 మంది, డ్రైవరు, కండక్టరు. తెల్లారేసరికి ఇద్దరి ప్రాణం పోయింది. బయటి నుంచి ఎవరూ వచ్చే దారి లేదు. అంటే చంపినవాళ్లు ఆ సీట్లలోనే కూర్చుని ఉన్నారు.

నేను 27 ఏళ్లు టికెట్లు కొట్టి రిటైరైన మనిషిని. రచయిత్రి అంటే ఇప్పటికీ సిగ్గే. ఉత్తరాలు రాసినవాళ్లలో సగం మంది పేరు వేయొద్దన్నారు, అందుకని అందరికీ ఊరి పేరు మాత్రమే వేస్తున్నాను.

పరకాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: అక్కా, ఇట్లాంటి కథలన్నిట్లో సరిగ్గా హత్య జరిగే టైముకు ఫోన్ సిగ్నల్ పోతుంది. ఇది రాసేవాళ్లు వెతుక్కునే సులువు కాదా?

సులువే చెల్లె. కానీ మన సీరియల్ రెండో భాగం మళ్లీ ఒకసారి చూడు. ఫోన్ కలుస్తుంది. డ్రైవరు డిపోతో మాట్లాడతాడు. "తెల్లారేదాకా బండి కదిలించకండి" అంటారు అవతలివాళ్లు. ఆ తర్వాతే ఒక్కొక్కరి చార్జింగు అయిపోతుంది.

సరిగ్గా ఆ రాత్రే నెక్కొండ దగ్గర నిజంగా జరిగింది గుర్తుందా? వేములవాడ నుంచి మహబూబాబాద్ పోయే బస్సు చెరువు నీళ్లలో చిక్కింది. సుమారు 40 మంది. వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి, కాపాడమని అందరికీ మొర పెట్టుకున్నారు. అయినా రాత్రంతా ఆ సీట్లలోనే కూర్చున్నారు, పొద్దున గానీ బయటికి తీయలేకపోయారు. అంతకు ముందటేడు, 2023 జులైలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి జనం ఇండ్ల మీదికి ఎక్కారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మాట అందుతుంది, మనిషి అందడు. నాకు అదే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఫోన్ అసలే లేకపోతే మనిషి ఆశ వదులుకుని ఏదో ఒకటి చేస్తాడు. "వస్తున్నాం, వస్తున్నాం" అని వినిపిస్తుంటే పక్క సీటువాడిని చూసుకుంటూ కూర్చుంటాడు.

హుజూరాబాద్ నుంచి ఒక ఉపాధ్యాయుడు: మేడం, ఇది మీకు నిజంగా జరిగిందేనా? కండక్టరు పాత్రలో మీరే కనిపిస్తున్నారు.

హత్యలు జరగలేదు సార్. వాగు మాత్రం నిజం.

2006 ఆగస్టు, గోదావరి భారీగా వచ్చిన ఏడాది. నేను ఇదే రోడ్డు మీద డ్యూటీలో ఉన్నాను. రాత్రి ఎనిమిదింటికి బండి ఆగింది. మొదటి అరగంట అందరూ నన్నూ డ్రైవరన్ననూ తిట్టారు. తొమ్మిదింటికి ఒకామె సద్ది మూట విప్పింది. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. పక్కామెకు పెట్టింది. పెట్టగానే మన దగ్గర రెండో మాట ఏముంటుంది? "ఏ ఊరు మీది? ఎవరింట్ల?" పదయ్యేసరికి బస్సంతా చుట్టరికాలే. ఒకాయన మేనకోడలిని ఇచ్చిన ఊరు ఇంకొకాయన అత్తగారూరైంది. ముసలాయన ఒకరు నన్ను కూడా వదల్లేదు, మా పుట్టింటి ఊరు అడిగి "మీ తాతతో కలిసి ఎడ్లబండి తోలిన" అన్నాడు. నిజమో అబద్ధమో!

ఒక్కడు మాత్రం చెప్పలేదు. ములుగులో ఎక్కాడు, నలభై ఏళ్లుంటాయేమో, కిటికీ పక్క సీటు. ఏ ఊరంటే "ముందుకే" అన్నాడు. ఎవరింటికంటే వినబడనట్టు ఊరుకున్నాడు. రొట్టె ఇస్తే తీసుకోలేదు.

రాత్రి రెండింటికి రొట్టెలు పెట్టినామె లబోదిబోమంది. యూరియా కోసం అప్పు తెచ్చుకున్న ఆరువేలు, బొడ్డు సంచిలో లేవు. ఎవరూ ఎవరి పేరూ అనలేదు. అందరూ కిటికీ పక్క సీటు వైపు చూశారు, అంతే. ఇద్దరు మొగవాళ్లు లేచి అతని సంచి గుంజుకున్నారు. అతను ఆపలేదు. రెండు జతల బట్టలు, ఒక ఎక్స్‌రే కవరు. సీటు కింద వెతికారు, జేబులు వెతికారు. బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడింది నేనే.

తెల్లారి వాగు తగ్గాక ఆమె మొహం కడుక్కుని సద్ది గిన్నె తీస్తే డబ్బులు అందులో ఉన్నాయి. నిద్రలో ఎవరైనా తీస్తారేమోనని భయపడి తానే అందులో పెట్టుకుని మరిచిపోయింది. "అయ్యో, నా మతి మండ" అంది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. తన స్టేజీ ఇంకా పది కిలోమీటర్లు ఉండగానే దిగి నడుచుకుంటూ పోయాడు. అతనికి నేను ఏడు రూపాయల చిల్లర బాకీ ఉన్నాను, టికెట్టు వెనక రాసిచ్చాను కూడా. అడగలేదు. నేను పిలిచి ఇవ్వనూ లేదు.

ఆ ఏడు రూపాయల నుంచి పుట్టింది సార్ ఈ సీరియల్. మన దగ్గర పరిచయం లేనివాళ్లను కలిపి మూసేస్తే గంటలో చుట్టాలైపోతారు. ఊరు చెప్పనివాడే దొంగ అవుతాడు. అందుకే రాసేటప్పుడు ఒకటి గట్టిగా అనుకున్నాను. నా కథలో హంతకులు ఊరు చెప్పనివాళ్లలో ఉండరు. అందరికంటే ముందు, అందరికంటే తియ్యగా ఊరు చెప్పినవాళ్లలో ఉంటారు. ఇప్పుడు వెనక్కి పోయి మూడో భాగం చదువుకోండి. సంపాదకులు నన్ను తిడతారు, తిట్టనివ్వండి.

మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు: విదేశీ కథల్లో ఒంటరి దీవి, మంచులో బంగళా ఉంటాయి. మనకు లక్నవరం చెరువులో దీవులున్నాయి కదా, కాటేజీలున్నాయి. ఈ పల్లె బస్సు ఎందుకు?

లక్నవరం నాకూ ఇష్టమే తమ్ముడూ. కాకతీయుల నాటి చెరువు, వేలాడే వంతెన, పడవ మీద తప్ప పోలేని దీవి. రాత్రి పడవ కట్టేశారంటే కథకు కావలసినదంతా తయారు. కానీ అక్కడ గది తీసుకోవాలంటే ముందే బుక్ చేసుకోవాలి, ఆధార్ ఇవ్వాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. వంటవాడు, బోటు నడిపేవాడు, కెమెరాలు. వీళ్లందరినీ దాటించడానికే నాకు నాలుగు భాగాలు పడతాయి.

అసలు సంగతి అది కూడా కాదు. దీవి కథల్లో ఎవరో ఒకరు పిలుస్తారు, మిగతావాళ్లు వస్తారు. పిలిచినవాడి మనసులో లెక్క ముందే ఉంటుంది, ఎవరిని ఎందుకు చంపాలో తెలుసు. పడవ ఆపేదీ అతనే. బస్సును ఎవరూ ఆపలేదు, వాగు ఆపింది. వాగు పొంగుతుందని హంతకులకూ తెలియదు. అంటే వాళ్లు వేరే చోట, వేరే పూట చేద్దామనుకున్న పని ఇక్కడ చేయాల్సి వచ్చింది. లేదా బస్సెక్కేటప్పుడు ఆ ఆలోచనే లేదు, చీకట్లో ఎవరి గొంతో విని గుర్తుపట్టి ఉంటారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి పెట్టకపోతే కథ నిలబడదు. నేను ఏది పెట్టానో నాలుగో భాగం చివరి పేరాలో ఉంది.

మిగతా చోట్లూ ఆలోచించాను. ముత్యాలధార జలపాతం దగ్గర 2023 జులైలో సుమారు 80 మంది పర్యాటకులు అడవిలో చిక్కుకుంటే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రి పూట పోయి తీసుకొచ్చారు. మంచి చోటే. కానీ 80 మంది అనుమానితులను నేను మొయ్యలేను. 23 మందికే నోటుబుక్కులో సీటు నంబర్లు గీసుకుని, చచ్చినవాళ్ల మీద ఎర్ర పెన్నుతో గీతలు కొడుతున్నాను. మా మనవరాలు అది చూసి రిజర్వేషన్ చార్టు అనుకుంది.

పెద్దపల్లి జిల్లా నుంచి ఒక రైతు: అక్కా, అయిదో భాగంలో "మబ్బుల సందున వెన్నెల బస్సు అద్దాల మీద పడింది" అని రాసినవ్. ఆగస్టు 31 అన్నవ్. ఆ సోమవారమే గదా పొలాల అమావాస్య. వెన్నెల ఎక్కడిది?

మీరు చెప్పిందే నిజం అన్నా. రెండు రోజుల్లో అమావాస్య పెట్టుకుని వెన్నెల కురిపించాను. ఆ రోజు తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయని గుర్తు పెట్టుకున్నాను గానీ, తల పైకెత్తి చంద్రుడిని చూడలేదు. దీన్ని క్లూ అని బుకాయించను. పుస్తకంగా వేసేటప్పుడు ఆ వాక్యం తీసేసి మెరుపు పెడతాను.

కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్: అమ్మా, మూడు విషయాలు. ఎనిమిదో భాగంలో "302 కింద కేసు" అన్నారు. ఆ తేదీకి ఆ సెక్షన్ లేదు. రెండు, మొదటి మనిషిని రాత్రి పదకొండింటికి చంపారని అందరూ అనుకుంటున్నారు, పొద్దున ఆరింటికి ఎత్తితే చేతులు వేలాడాయన్నారు. ఏడు గంటల శవం అట్ల ఉండదు. మూడు, చివరికి ఎస్సై ముందు నేరం ఒప్పించి కథ ముగించకండి. మా ఉద్యోగం పరువు తీయకండి.

నమస్తే సార్. మొదటిది నా తప్పే. 2024 జులై 1 నుంచి హత్యకు భారతీయ న్యాయ సంహిత 103. ఇన్నేళ్లు సినిమాల్లో విన్న నంబరు కదా, చెయ్యి దానంతట అదే రాసింది.

మూడోది తప్పకుండా పాటిస్తాను. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యానికి పనికిరాదని మాకు తెలిసిన వకీలు ఒకాయన మొదట్లోనే చెప్పారు. పాత చట్టంలోనూ అంతే, కొత్త దానిలోనూ అంతే. కాబట్టి మా ఎస్సై ముందర ఎవరూ కన్నీళ్లు పెట్టుకుని కథంతా చెప్పరు. ఎస్సైకి కావలసింది వేరేది, అది కండక్టరు సంచిలో ఉంది.

రెండో ప్రశ్నకు మాత్రం ఇప్పుడు జవాబు చెప్పను. మీరన్నది నిజం. చనిపోయిన గంట రెండు గంటల్లో దవడ దగ్గర బిగుసుకోవడం మొదలవుతుంది, మన ఉక్కపోతల్లో ఇంకా తొందరగానే కాళ్లూ చేతులూ కట్టెలవుతాయి. మెడికల్ కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన డాక్టరు గారిని అడిగే రాశాను. మరి చేతులు ఎందుకు వేలాడాయి? పదకొండింటికే పోయాడని ముందుగా అన్నది ఎవరు? సార్, మీరు ఉద్యోగం మానినా ఉద్యోగం మిమ్మల్ని మానలేదు.

జమ్మికుంట నుంచి ఒక పాఠకురాలు: రెండో హత్య విషంతోనే కదా? మా ఇంట్లో పందెం నడుస్తోంది.

పందెం మీరు ఓడిపోయారు. పత్తి చేన్ల మధ్య పెరిగిన వాళ్లం, పురుగుల మందు డబ్బా మూత తీస్తే నాలుగు సీట్ల అవతల ముసలామె కూడా ముక్కు మూసుకుంటుంది. ఆ కంపు మన వైపు ఎన్ని ఇండ్లలో చావు కబురై వచ్చిందో చెప్పక్కర్లేదు. బస్సులో ఎవరికీ తెలియకుండా తాగించాను అని రాస్తే మీరే నమ్మరు.

నర్సంపేట నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు: ఏడో భాగంలో ఒకామె యాభై ఆరు రూపాయలిచ్చి టికెట్టు కొంటుంది. ఆడవాళ్లకు ఫ్రీ కదా! పొరపాటు పడ్డారా, లేక...

"లేక" దగ్గర మీరు ఆగిన తీరుకే మీకు ఒక కాపీ ఉచితంగా పంపాలి.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్టు లేదు. లేదంటే అసలు లేదని కాదు, జీరో టికెట్టు కొట్టాలి. కొట్టాలంటే ఆధార్ గానీ ఇంకేదైనా కార్డు గానీ చూపించాలి. కండక్టరు ఆ కార్డు మీద మొహం చూస్తుంది, చిరునామా చూస్తుంది. రోజుకు కొన్ని వందల కార్డులు చూసేవాళ్లం. కార్డు మరిచిపోయినామె ఏం చేస్తుందో తెలుసా? బతిమిలాడుతుంది, కొట్లాడుతుంది, పోయినవారం ఇదే బస్సులో చూపించానంటుంది, ఫోన్‌లో ఫొటో వెతుకుతుంది. ఏమీ అనకుండా, మారు మాట్లాడకుండా చిల్లరతో సహా డబ్బులు చేతిలో పెట్టినామెను నేను ఉద్యోగంలో చాలా తక్కువసార్లు చూశాను. ఒకామె పక్క రాష్ట్రం మనిషి. ఇంకొకామె ఇల్లు విడిచి పోతున్న మనిషి, కార్డు తీస్తే పేరు తెలుస్తుందని భయం.

మన కథలో ఆమె ఈ ఇద్దరిలో ఒకరా, మూడో రకమా? టికెట్టు మిషన్‌లో స్టేజీల వారీగా ఎన్ని టికెట్లు కొట్టామో ఉంటుంది. చెకింగ్ వాళ్లు ఎక్కితే ముందు తలకాయలు లెక్కపెడతారు, తర్వాత మిషన్ చూస్తారు. రెండూ కలవకపోతే మా పని అయిపోయినట్టే. ఆ రాత్రి మా హీరోయిన్, అదే కథలో కండక్టరు, చేసిందీ అదే. మిషన్‌లో 24, తలకాయలు 23. చచ్చినవాళ్లను కలిపి లెక్కపెట్టినా 23. ఇంతకు మించి అడగకండి.

వరంగల్ నుంచి ఒక పాఠకుడు: మన గొర్రెకుంట బావి కేసు మీద సీరియల్ రాయొచ్చు కదా. అంతకు మించిన థ్రిల్లర్ ఉందా?

రాయను. 2020 మేలో, లాక్‌డౌన్‌లో, ఆ బావిలో నుంచి తొమ్మిది శవాలు తీశారు. బతుకుదెరువుకు దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, పసివాడు కూడా. మొదట అందరం ఆకలికి తట్టుకోలేక దూకారేమో అనుకున్నాం. నేరం చేసినవాడికి అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు డ్యూటీ చేశాను. నా బస్సులో చచ్చినవాళ్లకు నేనే పేర్లు పెట్టాను, కాబట్టి వాళ్లను ఎట్లయినా చంపగలను. ఆ బావిలో పోయినవాళ్ల జోలికి పోలేను.

సిద్దిపేట నుంచి ఒక పాఠకుడు: ఆడమనిషివై ఉండి చంపుకోవడాలు ఏంటమ్మా? కుటుంబ కథలు రాయొచ్చు కదా.

అవి కూడా రాస్తున్నాను సార్. అందులో ఇంకా ఎక్కువ మంది చస్తారు.

భీమదేవరపల్లి నుంచి ఇంటర్ చదివే అబ్బాయి: అత్తమ్మా, మా నాయినమ్మకు కళ్లు కనిపించవు, నేనే చదివి వినిపిస్తా. హంతకుడు డ్రైవరే అని మొదటి భాగం నుంచి అంటోంది. వచ్చే నెల ఆమెకు కంటి ఆపరేషన్. "టెన్షన్‌తో బల్ల ఎక్కలేను, ముందే అడుగు" అంటోంది. ఆమెకొక్కదానికి చెప్పరా?

డ్రైవరు కాదని చెప్పు బిడ్డా. ఇన్నేళ్లు డ్రైవరన్నల వెనక కూర్చుని అన్నం తిన్నాను, వాళ్ల మీద పెట్టలేను. ఇంకో మాట కూడా ఆమె చెవిలోనే చెప్పు. మూడో భాగంలో ఒకరు "మా ఊరి స్టేజీ వస్తే చెప్పమ్మా" అంటారు. సొంతూరికి పోయేవాళ్లు ఎవరైనా స్టేజీ వస్తే చెప్పమని కండక్టరును అడుగుతారా? మర్రిచెట్టు కాడ ఆపమనో, మిల్లు దాటినాక ఆపమనో కేకేస్తారు. నాయినమ్మకు అర్థమవుతుంది. ఆపరేషన్ అయ్యాక ఆఖరు భాగం ఆమెనే చదువుకోమను, అక్షరాలు కొంచెం పెద్దగా వేయమని సంపాదకులకు చెప్పాను.